క్రాష్ కబురు ఎవరికి చేరాలి

2018 ఫిబ్రవరి మధ్యలో ఇంగ్లండ్, అమెరికా పత్రికలు ఒక తెలుగు అక్షరం గురించి వార్తలు రాశాయి. ‘జ్ఞా’ అన్న అక్షరం మెసేజ్‌లో వస్తే ఐఫోన్ కుప్పకూలుతోందన్నది వాటి సారాంశం. ఐఓఎస్ 11.2.5 ఉన్న ఫోన్లలో మెసేజెస్, వాట్సాప్, ఫేస్‌బుక్ మెసెంజర్, జీమెయిల్ లాంటి యాప్‌లు ఆ అక్షరాన్ని తెరమీద చూపించబోయి ఆగిపోయేవి. మళ్లీ తెరిస్తే అదే మెసేజ్ ఎదురై మళ్లీ ఆగిపోయేవి. నోటిఫికేషన్‌గా వచ్చిందా, హోమ్ స్క్రీన్‌ను నడిపే ప్రోగ్రామే పడిపోయేది. మాక్ కంప్యూటర్లకూ, యాపిల్ వాచీలకూ అదే గతి. సంగతి బయటపడ్డ రోజుల వ్యవధిలోనే ఆకతాయిల చేతికి చిక్కింది. ట్విట్టర్‌లో తమ పేరు పక్కన ఆ అక్షరం తగిలించుకుని ఎదుటివాళ్ల ఫోన్లు కూల్చి సంబరపడ్డవాళ్లున్నారు.

ఫిబ్రవరి 19న యాపిల్ 11.2.6 విడుదల చేసి లోపాన్ని సరిదిద్దింది. అక్షరాలను గీసే ‘కోర్‌టెక్స్ట్’ అనే భాగంలో మెమరీ చెడిపోతోందని ఒప్పుకుని, దానికి సీవీఈ-2018-4124 అన్న నంబరు ఇచ్చింది. అప్పటికే పరీక్షలో ఉన్న 11.3 బీటాలో ఆ లోపం లేదు. అంటే మందు తయారై ఉంది, జనం ఫోన్లకు చేరలేదంతే.

ఈ కథలో పత్రికలు పెద్దగా పట్టించుకోని ప్రశ్న ఒకటుంది. ఫోన్ కూలిన మనిషి ఆ కబురు ఎవరికి చెప్పాలి? వాట్సాప్ కూలింది కాబట్టి వాట్సాప్‌కు చెబితే వాళ్లు చేయగలిగింది లేదు, తప్పు వాళ్ల కోడ్‌లో లేదు. తప్పున్న కోర్‌టెక్స్ట్ యాపిల్ సొంత ఆస్తి. దాని సోర్స్ బయటివాళ్లు చూడలేరు. యాపిల్ అంతర్గత బగ్ పట్టిక పేరు రాడార్. బయటి డెవలపర్లు అందులో ఫిర్యాదు వేయగలిగేవారు గానీ, ఇంకొకరు వేసినవి చూడలేకపోయేవారు. ఆ ఉక్కపోత భరించలేక టిమ్ బర్క్స్ అనే డెవలపర్ 2008లో ‘ఓపెన్ రాడార్’ మొదలుపెట్టారు. యాపిల్‌కు పంపిన ఫిర్యాదు నకలును అందరికీ కనబడేలా అక్కడ పెట్టుకుంటారు. ‘జ్ఞా’ ఫిర్యాదు కూడా ఆ ఫిబ్రవరిలో, పత్రికలకంటే ముందే, అక్కడ కనిపించింది. పెట్టింది అలోహా అనే బ్రౌజర్ తయారుచేసే బృందం. వాళ్ల బ్రౌజర్ కూలుతుంటే కారణం వెతుక్కుంటూ వెళ్లి, అది తమది కాదని తేల్చుకుని, పై తలుపు తట్టారు.

తెలుగు చదివేవాళ్లకు ఆ వార్త వింతగా తోచి ఉండాలి. భద్రాచలం ఐటీడీఏ గిరిజన దర్బారుకు తెచ్చే ‘విజ్ఞాపన’ పత్రంలో ఆ అక్షరముంది. జ్ఞాపకంలో ఉంది, విజ్ఞానంలో ఉంది. ఆ మాటలు టైపు చేస్తే ఏ ఐఫోనూ కూలదు. ఎందుకంటే కూల్చింది ఆ అక్షరం కాదు.

వైరల్ అయిన ఆ మెసేజ్‌లో ఉన్నది ఐదు సంకేతాల వరస: జ, పొల్లు, ఞ, ఆ తరవాత ‘జీరో విడ్త్ నాన్ జాయినర్’ అనే కనబడని గుర్తు, చివర దీర్ఘం. ఆ నాలుగోదే అసలు తేడా. తెలుగు టైపు చేసేవాళ్లకు ఆ గుర్తుతో రోజూ పనే. ‘ఫోన్‌లో’, ‘హైదరాబాద్‌లో’ అని రాసేటప్పుడు పొల్లు పొల్లుగా నిలవాలన్నా, లకారం ఒత్తుగా మారి కింద చేరకూడదన్నా పొల్లు తరవాత ఆ గుర్తు పెడతారు. ఒత్తుకూ గుణింతానికీ మధ్యన మాత్రం తెలిసి ఎవరూ పెట్టరు, అక్కడ దానికి పని లేదు. ఎవరూ రాయని చోట వచ్చేసరికి కోర్‌టెక్స్ట్ లెక్క తప్పింది.

ఈ సంగతిని విడమరిచి చెప్పినవాడు మనీష్ గోరేగావ్కర్. అప్పుడు మొజిల్లాలో పనిచేస్తున్న ఆయన యాపిల్ కోడ్ చూసే వీలు లేకుండానే, ఒక్కో వరసా మార్చి మార్చి ఫోన్ మీద ప్రయోగించి, లోపం ఒక్క ‘జ్ఞా’ది కాదని తేల్చారు. ఒక హల్లు, పొల్లు, దానికి అతుక్కునే రెండో హల్లు, కనబడని గుర్తు, ఒక అచ్చు చిహ్నం: ఈ నమూనాలో ఇమిడే వరసలు తెలుగులోనే కాదు, దేవనాగరిలోనూ బెంగాలీలోనూ ఫోన్‌ను కూలుస్తున్నాయి. తెలుగులో దాదాపు ప్రతి హల్లూ ఒత్తుగా మారుతుంది కాబట్టి మన లిపిలో అలాంటి వరసలు ఎక్కువ. ‘తెలుగు అక్షరం ఐఫోన్‌ను చంపింది’ అనే శీర్షికకూ, ‘ఈ నమూనాలో ఉన్న ఏ వరసైనా కూలుస్తుంది’ అనే మాటకూ మధ్య ఉన్న దూరమే వదంతికీ బగ్ రిపోర్టుకూ ఉన్న దూరం. మొదటిది వింటే బాగుచేసేవాడికి ఏమీ తెలియదు. రెండోది వింటే కోడ్‌లో ఏ చోట చూడాలో తెలుస్తుంది.

ఆ దూరాన్ని తగ్గించడానికి కంప్యూటర్ లోకానికి నలభై ఏళ్లు పట్టింది. తెలుగువాళ్లూ ఆ దారిలో నడిచారు.

తొలి రోజుల్లో చిరునామా వెతుక్కోవలసిన పని ఉండేది కాదు, ప్రోగ్రాం రాసినవాడి పేరు ప్రోగ్రాంలోనే ఉండేది. పుస్తకాలను కంప్యూటర్‌తో కూర్చే ‘టెక్’ను 1978లో తొలిసారి బయటపెట్టిన డొనాల్డ్ కనూత్, తన పుస్తకాల్లో తప్పు పట్టినవాళ్లకు 2 డాలర్ల 56 సెంట్ల చెక్కు పంపేవారు. టెక్‌లో తప్పు పడితే ఇచ్చే మొత్తం ఏటా రెట్టింపవుతూ పోయి 327 డాలర్ల 68 సెంట్ల దగ్గర ఆగింది. తనకు చేరిన ప్రతి తప్పునూ ఆయన వరసగా రాసిపెట్టుకుని, 1989లో ఆ చిట్టా మీద ఒక పెద్ద వ్యాసమే ప్రకటించారు. తప్పు చెప్పడం నేరం కాదనీ, దానికి గౌరవం ఇవ్వాలనీ ఒక తరం ప్రోగ్రామర్లు నేర్చుకున్నది ఆ చెక్కుల వల్లే. చాలామంది వాటిని బ్యాంకులో వేయకుండా గోడకు తగిలించుకున్నారు.

ఆ టెక్ మీదే అమెరికాలో ముక్కవిల్లి లక్ష్మి ‘తెలుగుటెక్’ను తయారుచేశారు. 1990ల మొదట్లో రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ ఇంగ్లిషు అక్షరాల్లో టైపు చేసిన మాటను తెలుగు లిపిలోకి మార్చే పనిముట్టు రాశారు. వాళ్ల పద్ధతే ఆర్‌టీఎస్‌గా ఈనాటికీ చాలామంది వేళ్ల మీద నడుస్తోంది. వాడేవాళ్లు కొద్దిమంది, రాసినవాళ్లు ఒకరిద్దరు. ఒత్తు తప్పుగా పడితే యూజ్‌నెట్ తెలుగు గుంపులో చెబితే చాలు, రాసినవాళ్లూ అక్కడే ఉంటారు. అంత దగ్గరితనం మళ్లీ ఎప్పుడూ రాలేదు.

అదే కాలంలో ఖమ్మం లాంటి ఊళ్లలో కథ వేరుగా నడిచింది. శుభలేఖలు, కరపత్రాలు, పార్టీ పోస్టర్లు కొట్టే డీటీపీ సెంటర్లలోకి పేజ్‌మేకర్, దానితోపాటు అను ఫాంట్లు వచ్చాయి. అన్ని లిపులకూ ఉమ్మడి సంకేతాలిచ్చే యూనికోడ్‌తో సంబంధం లేని ఆ ఫాంట్లలో కొట్టిన తెలుగును ఇంకో కంప్యూటర్లో తెరిస్తే పిచ్చిగీతలు కనబడేవి. కరపత్రం సగంలో ఉండగా పేజ్‌మేకర్ ఆగిపోతే ఆపరేటర్ కంప్యూటర్ ఆపి మళ్లీ మొదలుపెట్టేవాడు. చెప్పుకోవడానికి ఇంకెవరూ లేరు. ప్రోగ్రాం ఒక విదేశీ కంపెనీది, ఫాంట్ ఇంకొకరిది, ఆ రెండిటి మధ్య జరిగిన గొడవ ఎవరిదీ కాదు. ఒక తరం తెలుగు టైపిస్టులకు క్రాష్ అంటే భరించాల్సిన విషయమే తప్ప చెప్పాల్సిన విషయం కాదన్న అలవాటు అక్కడే పడింది. ఆ అలవాటు చేసిన నష్టం చిన్నది కాదు.

ఓపెన్ సోర్స్ లోకం ఈలోగా మరో దారి వేసుకుంది. ఊరూపేరూ తెలియని వందల మంది రాసిన ప్రోగ్రాములను ఒక్కచోట కూర్చి లినక్స్ పంపిణీగా ఇవ్వడం మొదలయ్యాక, కూలిన ముక్క ఎవరిదో తెలియడం కష్టమైంది. 1994లో డెబియన్ అనే పంపిణీ కోసం ఇయన్ జాక్సన్ ఈమెయిల్ మీద నడిచే బగ్ పట్టిక రాశారు. డెబియన్‌లో ప్రతి ప్యాకేజీకీ ‘మెయింటెయినర్’ అనే గడి తప్పనిసరి. అందులో ఒక మనిషి పేరో, బృందం పేరో, చిరునామాతో సహా ఉండాలి. ఫిర్యాదు ప్యాకేజీ పేరు మీద వస్తే దానంతట అదే ఆ చిరునామాకు వెళ్తుంది. లోపం తాను చుట్టిన పొట్లంలో కాక లోపలి సరుకులోనే ఉందని తేలితే, మెయింటెయినర్ దాన్ని ఎగువన అసలు రచయితలకు పంపి, పంపినట్టు గుర్తు పెడతాడు. ఆ ఒక్క గుర్తు ఎంతో మేలు చేసింది. ఫిర్యాదు చేసినవాడికి తన కబురు ఎక్కడ ఆగిందో కనబడటం మొదలైంది. 1998లో మొజిల్లా కోసం టెర్రీ వైస్‌మన్ రాసిన బగ్జిల్లా అదే పనిని వెబ్ పేజీలోకి తెచ్చింది. ఏ ఉత్పత్తి, అందులో ఏ విభాగం అని అది ముందే అడుగుతుంది. లినక్స్ కెర్నల్‌ది మరీ సూటి పద్ధతి: ఏ ఫైలు ఎవరి బాధ్యతో చెప్పే జాబితా సోర్స్ కోడ్‌లోనే ఉంటుంది, కూలిన ఫైలు పేరు ఇస్తే ఎవరికి రాయాలో ఒక చిన్న స్క్రిప్టు చెబుతుంది.

తెలుగు ఈ దారిలోకి వచ్చింది 2000 తరవాతే. యూనికోడ్‌లో తెలుగుకు 1991 నుంచే చోటుంది గానీ, చోటుండటం వేరు, అక్షరం సరిగ్గా గీయబడటం వేరు. విండోస్ ఎక్స్‌పీతో 2001లో గౌతమి ఫాంట్ వచ్చింది. కెనడాలో స్థిరపడిన తిరుమల కృష్ణ దేశికాచార్యులు పోతన, వేమన ఫాంట్లు తయారుచేసి స్వేచ్ఛగా ఇచ్చారు. అవి డెబియన్‌లోకీ ఎక్కాయి. రెడ్ హ్యాట్ చొరవతో లోహిత్ తెలుగు వచ్చింది. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలైంది. హైదరాబాద్ కేంద్రంగా స్వేచ్ఛ సంస్థ, ఇంజినీరింగ్ కాలేజీ విద్యార్థుల బృందాల సాయంతో తెలుగులో కనబడే లినక్స్‌ను పల్లెల దాకా తీసుకెళ్లే పని పెట్టుకుంది.

అప్పుడు ఎదురైంది అసలు చిక్కు. తెలుగు అక్షరం తెరమీదికి రావాలంటే మధ్యలో ‘షేపింగ్ ఇంజిన్’ అనే పొర ఉండాలి. ఏ హల్లు కింద ఏ ఒత్తు చేరాలి, ఏ గుణింతం ఎటు తిరగాలి అని లెక్కగట్టేది అదే. లినక్స్‌లో ఆ పొర ఒకటి కాదు. గ్నోమ్ డెస్క్‌టాప్ వాడేవాళ్లకు పాంగో, కేడీఈ డెస్క్‌టాప్ వాడేవాళ్లకు క్యూటీలోని సొంత ఇంజిన్, ఓపెన్ ఆఫీస్ వాడేవాళ్లకు ఐబీఎం వైపు నుంచి వచ్చిన ఐసీయూ. ఒకే తెలుగు తప్పును మూడు ఇళ్లలో మూడుసార్లు చెప్పాలి. ఒక ఇంట్లో బాగుపడ్డది రెండో ఇంట్లో అలాగే ఉండేది. పైగా ప్రతి ఇంట్లోనూ ముందు వచ్చే జవాబు ‘ఇది ఫాంట్ తప్పేమో’. ఫాంట్ చేసినవాళ్లను అడిగితే ‘ఇంజిన్ తప్పు’. తెలుగు రాని ఇంజినీరుకు వచ్చిన అక్షరం సరైనదో కాదో తెలియదు. తెలుగు వచ్చిన వాడుకరికి పాంగో అనేది ఒకటుందనే తెలియదు. మధ్యలో పడి ఎండిపోయిన ఫిర్యాదులు చాలా ఉంటాయి.

ఈ గొడవను తీర్చినది హార్ఫ్‌బజ్. పాంగోలోని, క్యూటీలోని ముక్కలను ఒకచోట చేర్చే ప్రయత్నంగా మొదలై, బెహదాద్ ఎస్ఫాబోద్ చేతిలో పూర్తిగా కొత్తగా రాయబడిన ఇంజిన్ అది. భారతీయ లిపుల భాగాన్ని రాసేటప్పుడు ఆయన పట్టిన పద్ధతి ఈ వ్యాసానికి ప్రాణం లాంటిది. ఒక్కో భాష వికీపీడియా నుంచి పదాలన్నీ పోగేసి, వాటిని తన ఇంజిన్‌తోనూ విండోస్ ఇంజిన్‌తోనూ గీయించి, రెండూ ఎక్కడ తేడాగా వస్తున్నాయో లెక్కగట్టుకుంటూ పోయారు. తెలుగు పదాలూ లక్షల్లో ఆ జల్లెడ దాటాయి. తెలుగు వికీపీడియాలో ఊరి గురించో కవి గురించో రాసినవాళ్లు, తమకు తెలియకుండానే ఒక ఇంజిన్‌కు పరీక్ష పత్రం రాసిపెట్టారన్నమాట. ఐసీయూ తన సొంత ఇంజిన్‌ను పక్కనపెట్టి హార్ఫ్‌బజ్‌ను వాడమంది. 2017లో వచ్చిన లిబ్రే ఆఫీస్ 5.3 అన్ని రకాల కంప్యూటర్ల మీదా దానికే మారింది. ఫైర్‌ఫాక్స్, క్రోమ్, ఆండ్రాయిడ్ కూడా దానిమీదే అక్షరాలు గీస్తున్నాయి. మూడు ఇళ్ల ఫిర్యాదు ఒక ఇంటికి వచ్చింది. ఈ రోజు చర్లలోనో వెంకటాపురంలోనో ఆండ్రాయిడ్ ఫోన్‌లో తెలుగు ఒత్తు తప్పుగా పడిందంటే, తప్పు ఇంజిన్‌దైతే హార్ఫ్‌బజ్ ఇంటికి, ఫాంట్‌దైతే నోటో తెలుగు ఇంటికి వెళ్లాలి. రెండూ గిట్‌హబ్‌లో తలుపు తీసే ఉన్నాయి.

మరోవైపు, చెప్పే పనిని మనిషి చేతిలోంచి తీసి యంత్రానికి అప్పగించడం కూడా ఈ కాలంలోనే జరిగింది. ప్రోగ్రాం కూలగానే ‘కంపెనీకి తెలియజేయమంటారా’ అని విండోస్ ఎక్స్‌పీ అడగడం కంప్యూటర్ వాడిన ప్రతివాళ్లకూ గుర్తుంటుంది. లినక్స్ పంపిణీల్లో ఉబుంటు 2006లో అపోర్ట్‌ను, తరవాత కొన్నేళ్లకు ఫెడోరా ఏబీఆర్‌టీని తెచ్చాయి. ఫైర్‌ఫాక్స్ 2008 నుంచి బ్రేక్‌ప్యాడ్ వాడింది. ఇవన్నీ కూలిన క్షణంలో ఏ ఫంక్షన్ ఏ ఫంక్షన్‌ను పిలిచిందో ఆ వరసను పట్టుకుని పంపుతాయి. ఒకే వరసతో వచ్చిన వేల కబుర్లను ఒకే కుప్పగా పోస్తాయి. మెయింటెయినర్‌కు వెయ్యి ఉత్తరాలకు బదులు ‘ఈ చోట వెయ్యిసార్లు కూలింది’ అన్న ఒక్క మాట అందుతుంది. ఇది నిజంగా గొప్ప సదుపాయం. అయితే కూలిన మెమరీలో అప్పుడే టైపు చేసిన ఉత్తరమో, పాస్‌వర్డో ఉండవచ్చు. అందుకే అపోర్ట్ పంపిన కబుర్లను ఉబుంటు ముందు రహస్యంగానే ఉంచుతుంది. చూసి, సరేననుకున్నాకే బయటపెడుతుంది.

యంత్రం పంపని కబురు ఇంకా మిగిలే ఉంది. కూలకుండా తప్పుగా గీసిన అక్షరం, ఒక్క ఫోన్‌లోనే అప్పుడప్పుడు ఆగిపోయే యాప్, పంపే బటన్ నొక్కడానికి నెట్ లేని అడవి ఊరు. ఇక్కడ మనిషే చెప్పాలి. ఎలా చెప్పాలో భద్రాచలం వాసులకు కొత్తగా నేర్పనక్కర్లేదు. గోదావరి 43 అడుగులు దాటితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986 ఆగస్టులో నీళ్లు 75.6 అడుగులకు ఎక్కాయి, 2022 జూలైలో 71.3కి. ఎగువన పేరూరు నుంచి ‘నది బాగా పొంగుతోంది’ అని కబురొస్తే ఎవరూ కదలరు. ఏ స్టేషన్‌లో, ఏ గంటకు, ఎన్ని అడుగులు, గంటగంటకూ ఎంత పెరుగుతోంది అని వస్తేనే దిగువన లోతట్టు కాలనీలు ఖాళీ చేయిస్తారు. బగ్ రిపోర్టుకూ కావలసింది అంతే: ఏ ఫోన్, ఏ వెర్షన్, ఏ యాప్, ఏం చేస్తే కూలుతోంది, చేసిన ప్రతిసారీ కూలుతోందా.

తెలుగు ఫిర్యాదుకు ఇంకొకటి అదనంగా కావాలి, చాలామంది మరిచిపోయేది అదే. ఫోటో ఒక్కటే పంపితే చాలదు. కనబడని గుర్తు ఫోటోలో పడదు. ఒకేలా కనబడే రెండు మాటల్లో లోపలి వరసలు వేరుగా ఉండవచ్చు. ఆ మాటను కాపీ చేసి అక్షరాలుగానే పంపాలి, వీలైతే ఒక్కో సంకేతం నంబరూ రాయాలి. దానితోపాటు అది ఎలా కనబడాలో కూడా చెప్పాలి, ఎందుకంటే అవతల చదివేవాడికి తెలుగు రాదు. ఇక చిరునామా పట్టుకోవడం: అదే మాట మూడు నాలుగు యాప్‌లలో కూలితే తప్పు కింది పొరలో ఉంది. ఒక్క యాప్‌లోనే కూలితే ఆ యాప్‌లో ఉంది. మండలి ఫాంట్‌లో తప్పుగా వచ్చి నోటోలో సరిగ్గా వస్తే ఫాంట్‌లో ఉంది. అలోహా బృందం 2018లో చేసింది సరిగ్గా ఈ వేరుచేతే.

కూలిన ప్రతిదీ నలుగురిలో చెప్పదగ్గది కాదు కూడా. మెమరీ చెడిపోయి కూలిందంటే, అదే సందులోంచి దొంగ దూరవచ్చు. అలాంటివి ముందు మెయింటెయినర్ చెవిలోనే వేయాలన్నది ఓపెన్ సోర్స్ లోకం మర్యాద. ‘జ్ఞా’ విషయంలో ఆ మర్యాద నిలవలేదు, అందుకే మందు వచ్చేదాకా ఆకతాయిల రాజ్యం నడిచింది.

మరి మెయింటెయినరే దొంగైతే? 2024 మార్చిలో ఆండ్రెస్ ఫ్రాయిండ్ ముందుకు ఆ ప్రశ్నే వచ్చింది. మైక్రోసాఫ్ట్‌లో పనిచేసే ఈ పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ ప్రోగ్రామర్, దూరపు కంప్యూటర్‌లోకి వెళ్లే ఎస్ఎస్‌హెచ్ లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందని గమనించాడు. కారణం తవ్వుతూ పోతే ఎక్స్‌జెడ్ అనే చిన్న కంప్రెషన్ లైబ్రరీ 5.6.0, 5.6.1 వెర్షన్లలో ఎవరో దొడ్డిదారి పెట్టినట్టు తేలింది. పెట్టింది ‘జియా టాన్’ పేరుతో ఏళ్ల తరబడి నమ్మకం సంపాదించి సహ మెయింటెయినర్‌గా ఎదిగిన వ్యక్తి. మామూలు పద్ధతిలో ఫిర్యాదు వెళ్లవలసింది ఆ చేతికే. ఫ్రాయిండ్ ముందు డెబియన్ భద్రతా బృందానికీ, లినక్స్ పంపిణీల ఉమ్మడి రహస్య జాబితాకూ చెప్పి, మార్చి 29న లోకానికంతటికీ చెప్పాడు. ప్రమాదం పెద్ద పంపిణీల స్థిర వెర్షన్లలోకి చేరకముందే ఆగింది. ఆ లైబ్రరీని ఏళ్లుగా ఒంటరిగా మోసిన లాస్సే కొలిన్‌ను ‘పని త్వరగా చెయ్యి, వేరేవాళ్లకు అప్పగించు’ అంటూ తరిమిన ఉత్తరాలు కూడా అప్పుడే అందరూ చదివారు. ఫిర్యాదు రాసేటప్పుడు అవతల ఉన్నది జీతం లేని ఒక్క మనిషి కావచ్చునన్న గుర్తింపు ఎంత అవసరమో ఆ ఉత్తరాలు చూపిస్తాయి.

ఆ ఒక్క మనిషి మీద భారం ఇప్పుడు ఇంకో వైపు నుంచి పెరుగుతోంది. గూగుల్ 2016 డిసెంబరులో మొదలుపెట్టిన ఓఎస్ఎస్-ఫజ్ రాత్రింబవళ్లు వంకర ఫైళ్లు తయారుచేసి ఓపెన్ సోర్స్ ప్రోగ్రాముల మీదికి వదులుతుంది. ఏది కూలినా మెయింటెయినర్‌కు దానంతట అదే చెబుతుంది. హార్ఫ్‌బజ్ కూడా ఆ పరీక్షలో ఉంది, దానివల్ల గట్టిపడింది. కానీ 2024 నాటికి కృత్రిమ మేధ రాసిన, చూడటానికి పండిత భాషలో ఉండి లోపల సత్యం లేని ఫిర్యాదులు వచ్చిపడుతున్నాయని కర్ల్ అనే ప్రోగ్రాం రచయిత డానియల్ స్టెన్‌బర్గ్ బహిరంగంగా మొరపెట్టుకున్నారు. అలాంటి ప్రతి ఫిర్యాదూ నిజమైన ఫిర్యాదుకు దక్కవలసిన సాయంత్రాన్ని తినేస్తుంది. తన ఫోన్‌లో తన కళ్లతో చూసి, తన భాషలో ఏది సరైనదో తెలిసి రాసే మనిషి మాట విలువ దీనితో తగ్గలేదు, పెరిగింది.

ఆ మనిషి గోదావరి–శబరి అడవిలో ఉంటే అతని పని మరీ కష్టం. 2011 జనగణనలో నాలుగు లక్షల పైచిలుకు మంది కోయ తమ మాతృభాష అన్నారు. ఆ భాష భద్రాద్రి కొత్తగూడెం, ములుగు అడవుల్లోనూ, 2014లో ఖమ్మం నుంచి విడిపోయి ఆంధ్రప్రదేశ్‌లో కలిసిన చింతూరు, కూనవరం మండలాల్లోనూ, అవతల సుక్మాలోనూ, మల్కన్‌గిరిలోనూ వినబడుతుంది. ఇటువైపు దాన్ని తెలుగు లిపిలో రాస్తారు, ఛత్తీస్‌గఢ్ వైపు దేవనాగరిలో, ఒడిశా వైపు ఒడియాలో. ఒకే మాట మూడు లిపుల్లో మూడు రకాల షేపింగ్ నియమాల గుండా పోతుంది. దాని చుట్టమైన గోండి భాష సొంత లిపులు రెండింటికి యూనికోడ్ చోటిచ్చింది: మసరం గోండికి 2017లో, ఆదిలాబాద్ జిల్లా గుంజాల రాతప్రతుల లిపికి 2018 జూన్‌లో. గుంజాల ప్రతులను వెలుగులోకి తెచ్చినవారిలో జయధీర్ తిరుమలరావు ముఖ్యులు. కొత్త లిపి అంటే కొత్త ఫాంట్, కొత్త కీబోర్డు, ఇంకా ఎవరూ నడవని దారిలో కొత్త తప్పులు. వాటిని ముందు చూసేది ఆ లిపి వాడే పిల్లలూ పంతుళ్లే.

వాళ్లకు అడ్డొచ్చేది ఇంగ్లిషు ఫారం. ఇందుకు పక్క అడవిలోనే ఒక పాఠం ఉంది. 2010లో శుభ్రాంశు చౌదరి ఛత్తీస్‌గఢ్‌లో మొదలుపెట్టిన సీజీనెట్ స్వరలో, బస్తరు గోండు మనిషి మామూలు ఫోన్ నుంచి ఒక నంబరుకు చేసి తన బాధను తన భాషలో రికార్డు చేస్తాడు. బోరింగు పాడైందనో, ఉపాధి కూలి రాలేదనో. మధ్యవర్తులు విని, సరిచూసి, సంబంధిత అధికారి ఫోన్ నంబరుతో సహా బయటపెడతారు. చెప్పేవాడికి చదువు అక్కర్లేదు, అధికారి పేరు తెలియక్కర్లేదు. సరైన చేతికి చేర్చే బాధ్యత మధ్యవర్తిది. డెబియన్ మెయింటెయినర్ చేసేదీ అదే పని.

అలాంటి మధ్యవర్తులు తెలుగు నేలలో లేకపోలేదు. స్వేచ్ఛ బృందాల్లో పనిచేసే విద్యార్థులకూ, తెలుగు వికీపీడియన్లకూ రెండు భాషలూ వచ్చు, గిట్‌హబ్ ఖాతాలూ ఉన్నాయి. ఏటపాకలోనో దుమ్ముగూడెంలోనో ఒక కోయ టీచర్ వాయిస్ మెసేజ్‌లో చెప్పిన ఇబ్బందిని విని, ఆ మాటను సంకేతాలుగా విడదీసి, ఫాంట్‌దా ఇంజిన్‌దా యాప్‌దా అని తేల్చి, ఇంగ్లిషులో నాలుగు వాక్యాలు రాసి పంపడం వాళ్లకు ఒక సాయంత్రం పని. హార్ఫ్‌బజ్‌లో ఒక పద్ధతి ఉంది: తప్పు సరిదిద్దాక, ఆ తప్పు బయటపడ్డ మాటనూ, ఆ ఫాంట్‌లో అవసరమైన కాస్త ముక్కనూ పరీక్షల్లో చేర్చి పెడతారు. చింతూరు నుంచి వెళ్లిన ఒక కోయ వాక్యం అలా చేరితే, ఆ తరవాత ఏ దేశంలో ఎవరు ఆ ఇంజిన్‌లో మార్పు చేసినా, ఆ వాక్యం ఇంకా సరిగ్గానే వస్తోందో లేదో ముందు పరీక్షకు నిలబడాల్సిందే.